రెండో కుర్చీ

మార్చి 4

అమ్మాయీ,

పందొమ్మిదేళ్ల కిందట, విచారణ గది బయట మంచినీళ్ల ఫిల్టరు పక్కన నిలబడి మీ నాన్న నాకొక మాట ఇచ్చాడు. "నేనూ పక్కనే కూర్చున్నానని చెప్తాను బావా, ఏదొచ్చినా చెరిసగం" అన్నాడు. పావుగంట తర్వాత లోపలికెళ్లి, ముగ్గురు అధికారుల ముందు, "ఆ టైములో నేను గదిలో లేను" అన్నాడు. ఆ రోజు నుంచి మీ గుమ్మం తొక్కలేదు. మీ అమ్మ నా చెల్లెలు కాబట్టి ఆవిడ ఫోను చేస్తే ఎత్తుతాను. మీ నాన్న సంగతి నేను అడగను, ఆవిడ చెప్పదు.

ఇదంతా ముందే ఎందుకు రాస్తున్నానంటే, నీ ఉత్తరంలో "నాన్న మిమ్మల్నే అడగమన్నారు" అని మూడు చోట్ల ఉంది. ఆయన అడగమన్నాడని నేను చెప్పను. నువ్వు అడిగావు కాబట్టి చెప్తాను. ఫోనులో అడగొచ్చు కదా అనుకోకు. నోటితో అన్న మాటకి ఆధారం ఉండదు. మీ నాన్న మాట అలాగే గాలికి పోయింది. నాతో పని ఉంటే కాగితం మీద రాయి.

నీళ్ల సరఫరా ఆఫీసులో డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌గా చేరావు. సంతోషించమంటావా? అన్నీ సరిగ్గా నడిచినన్నాళ్లూ నువ్వొకదానివి ఉన్నావని ఎవరికీ గుర్తుండదు. ఏదైనా ఆగిపోయిన రోజు ఊరందరి నోటా నీ పేరే. ప్రోగ్రాము రాసినవాడు తన చెత్త రాతవల్ల స్క్రీను నత్తనడక నడుస్తుంటే, "డేటాబేస్ స్లోగా ఉందండీ" అంటాడు. వాణ్ణి ఒక్కటే అడుగు: నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మార్చావు? "ఏమీ మార్చలేదు" అంటాడు. ఆ మాట అబద్ధమని రాసిపెట్టుకుని, అప్పుడు వెతకడం మొదలుపెట్టు.

పొద్దున్న వెళ్లగానే, టీ తాగకముందే, డిస్కులో ఎంత చోటు మిగిలిందో చూడు. మా పరీక్షల బోర్డులో ఒక పెద్దమనిషి ఇంట్లో పెళ్లి ఫోటోలన్నీ సర్వర్లో పెట్టాడు. సరిగ్గా ఫలితాల రోజు చోటు చాలక అంతా ఆగిపోయింది. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. ఫోటోల్లో అందరూ ఉన్నారు మరి.

అందరికీ అన్ని హక్కులూ ఇవ్వకు. "ఒక్క పూటకే" అని తీసుకున్నవాడు రిటైరయ్యేదాకా తిరిగివ్వడు.

అసలు డేటాలోంచి ఏదైనా తీసెయ్యాల్సి వస్తే ముందు తీసెయ్యకు, లెక్కపెట్టు. ఎన్ని వరసలు పోవాలో కాగితం మీద రాసుకో. ఆ తర్వాత, వెనక్కి తీసుకునే వీలు ఉంచుకుని తీసెయ్. కాగితం మీదున్న అంకే స్క్రీను మీద కనిపిస్తే ఖాయం చెయ్. ఒక్కటి తేడా వచ్చినా వెనక్కి లాగు.

ఇంకొకటి. మా సర్వరు గదిలో రెండు కుర్చీలు పెట్టించాను. మొదటి కుర్చీలోవాడు టైపు చేస్తాడు. రెండో కుర్చీలోవాడు స్క్రీను మీదున్నది పైకి చదువుతాడు. ఇద్దరూ "సరే" అన్నాకే ఎంటర్ నొక్కాలి. చేసిన పనులన్నీ రాసే రిజిస్టరు ఉండేది. దాన్ని దాచి, ఎవరడిగినా తెచ్చి చూపించాల్సిన పూచీ రెండో కుర్చీవాడిది. రూలు నాది. రెండో కుర్చీ మీ నాన్నది. అందులోంచి లేచాడు. అంతకంటే ఇప్పుడు రాయను.

నీ ఉత్తరంలో తేదీ లేదు. తేదీ లేని కాగితం నాకు పంపకు.

మీ మామయ్య,
పరీక్షల బోర్డు, మాజీ మొదటి కుర్చీ


మార్చి 15 (తేదీ వేశాను, చూశారా)

మామయ్యా,

ఒక్క మంచిమాట కూడా లేకుండా నాలుగు పేజీలు రాయడం అందరి వల్లా అయ్యే పని కాదు. దాచుకున్నాను.

నా గది గురించి చెప్పాలి. కింది అంతస్తు. కిటికీ ఉంది, తీస్తే గోడ. ఏసీ సర్వరు మీదకి తిప్పి ఉంటుంది, మనుషులు ఉన్నారన్న సంగతి దానికి తెలీదు. నేను మార్చి నెలలో శాలువా కప్పుకుని కూర్చుంటున్నాను. మా సీనియర్‌ని అందరూ రేపుసార్ అంటారు. ఏం అడిగినా "రేపు చూద్దాం" అంటారు కాబట్టి. ఆయనకి కూడా తెలుసు, పిలిస్తే పలుకుతారు.

మీరు చెప్పినట్టు టీ కంటే ముందు డిస్కు చూశాను. మూడు శాతం మిగిలింది. సర్వరు తన పనులన్నీ రాసుకునే లాగ్ ఫైళ్లు రెండేళ్లుగా ఎవరూ తియ్యలేదు. పద్ధతి ప్రకారం వేరే చోటికి మార్చి చోటు చేశాను. రేపుసార్ వచ్చి, "ఎవరు ముట్టుకోమన్నారు?" అన్నారు. చోటు లేదు సార్ అన్నాను. "ఇన్నాళ్లూ లేకుండానే నడిచింది కదమ్మా" అన్నారు. దానికి ఏం జవాబు చెప్పాలో మీ ఉత్తరంలో లేదు.

మీ రెండో కుర్చీ నాకు గుర్తుంది. చిన్నప్పుడు ఒకసారి నాన్న నన్ను అందులో కూర్చోబెట్టారు. కాళ్లు కిందకి అందలేదు. మీరు నన్ను గిర్రున తిప్పి, "ఇది ఆడుకునే కుర్చీ కాదు" అని మీరే తిట్టారు.

నాన్న మీ ఉత్తరం చదివారు. కుర్చీల దగ్గరికి వచ్చేసరికి నవ్వారు. అసలు ఆ రోజు ఏం జరిగిందని అడిగితే, "మీ మామయ్యనే అడుగు, ఆయనకి నాకంటే బాగా గుర్తు" అన్నారు. మరి చెప్తారా?

మీ మేనకోడలు


మార్చి 24

అమ్మాయీ,

నవ్వాడా. నవ్వనీ. ఆయనకి ఆ రోజు నవ్వులాటగానే ఉండి ఉంటుంది. ఆయన్ని స్టేషనరీ స్టోరులో కూర్చోబెట్టలేదు కదా. నన్ను పదకొండేళ్లు కూర్చోబెట్టారు. ముప్ఫై లక్షల మంది మార్కులు వేలికొసల మీద పెట్టుకున్నవాణ్ణి, పెన్నుల రీఫిళ్లు లెక్కపెట్టాను. నా ఉత్తరాలు ఆయనకి చూపించొద్దని రాయలేదు, నిజమే. నీకు ఆమాత్రం తెలుస్తుందనుకున్నాను.

ఏం జరిగిందో విను. బుధవారం, మధ్యాహ్నం మూడు. ప్రాక్టికల్ మార్కుల పట్టికలో ఒక కేంద్రం వాళ్లు రెండుసార్లు పంపిన వరసలు ఉన్నాయి. నూట ఎనభై ఆరు. అవి తీసెయ్యాలి. ఆజ్ఞ రెండు లైన్లు. మొదటి లైను, ఈ పట్టికలోవి తీసెయ్ అని. రెండో లైను, ఏ కేంద్రంవి తీసెయ్యాలో. రెండు లైన్లూ మౌస్‌తో గుర్తు పెట్టి ఎంటర్ కొట్టాలి. మీ నాన్న పక్కనే ఉన్నాడు. ఫోను మోగింది, డైరెక్టర్ పిలుస్తున్నాడన్నారు, లేచి వెళ్లాడు. నేను గుర్తు పెట్టింది మొదటి లైను వరకే. పైకి చదివే మనిషి ఉంటే అక్కడే ఆగేది. లేడు. పట్టిక మొత్తం ఖాళీ.

బ్యాకప్ ఉంది కదా అని టేపులు తీశాం. పదిహేను నెలలుగా ఆ యంత్రం రోజూ "విజయవంతం" అని స్క్రీను మీద చూపిస్తూనే ఉంది. టేపు మీద తారీకు రాసి, లోపల ఏమీ రాయలేదు. కేంద్రాల దగ్గరున్న కాగితాలు తెప్పించి మళ్లీ ఎక్కించినా, నాలుగు వేల పైచిలుకు పిల్లలవి ఎక్కడా దొరకలేదు. వాళ్లందరూ ప్రాక్టికల్ పరీక్ష మళ్లీ రాయాల్సి వచ్చింది. వేరే ఊళ్లకి వెళ్లిపోయినవాళ్లు కొందరు రాలేకపోయారు. వాళ్లకి ఏడాది పోయింది.

కాబట్టి బాగా గుర్తుపెట్టుకో. తిరిగి ఎక్కించి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదు, అట్టపెట్టె. యంత్రం చెప్పే "విజయవంతం" మీద ఆశ పెట్టుకున్నవాడు మూర్ఖుడు. నేను చాలా చరిత్రలు చదివాను. అన్ని రాజ్యాల్లోనూ కోట కూలే ముందు రోజు వచ్చిన వర్తమానం ఒకటే: అంతా క్షేమం.

రేపుసార్‌కి ఏం జవాబు చెప్పాలో అడిగావు. "ఇన్నాళ్లూ నడిచింది" అన్నవాడికి జవాబు ఉండదు. అలాంటివాణ్ణి కాగితం మీద సంతకం చెయ్యమను. "చోటు లేకున్నా నడుస్తుంది" అని రాసి కింద సంతకం పెట్టమను. ఆ పూట నుంచి చోటు దానంతటదే దొరుకుతుంది.

కుర్చీ సంగతి గుర్తులేదు. తిప్పి ఉండను.

మామయ్య


ఏప్రిల్ 6

మామయ్యా,

తిప్పారు. అమ్మ కూడా చెప్పింది.

ఈసారి నవ్వులు లేవు, నిజంగా ఇరుక్కున్నాను. ఈ నెల 22న మా దగ్గర పెద్ద పని. ఒకే ఇంటి కుళాయి రెండేసి సార్లు నమోదైన వరసలు తొమ్మిది వేల దాకా ఉన్నాయి, అవి తీసెయ్యాలి. ఒక్క వరస తప్పు పోతే ఆ ఇంటికి నీళ్లు ఆపేస్తారు. మొదటి కుర్చీలో నేను. రెండో కుర్చీ అడిగాను. "ఒక్క పనికి ఇద్దరెందుకమ్మా, సినిమాకా?" అన్నారు రేపుసార్.

అసలు సంగతి అది కాదు. బ్యాకప్ తిరిగి ఎక్కించి చూసినట్టు ప్రతి నెలా రాయాల్సిన రిజిస్టరు మాకూ ఉంది. ఆరు నెలలుగా ఖాళీ. ఎవరూ చూడలేదు. 20న తనిఖీ వాళ్లు వస్తున్నారు. రేపుసార్ దాన్ని నా బల్ల మీద పెట్టి, "నీ చేతిరాత బాగుంటుంది, ఆరు నెలలకీ సంతకం పెట్టెయ్" అన్నారు. సార్, అందులో నాలుగు నెలలు నేనింకా ఉద్యోగంలోనే చేరలేదు అన్నాను. "తేదీలు ఎవరు చూస్తారు" అన్నారు. ఈయన జీవితంలో రేపటికి వాయిదా వెయ్యని పని ఇదొక్కటే.

నాకింకా ప్రొబేషన్. అది ముగిసిందన్న కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. పెట్టనంటే ఏమవుతుందో తెలుసు. పెడితే ఏమవుతుందో మీరే రాశారు.

మీరు తిడతారని తెలుసు. బాగా తిట్టండి. ఆ పేజీ ఒకటి ఆయన బల్ల మీద పెడదామని ఉంది.

మీ మేనకోడలు


ఏప్రిల్ 11

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ ఎండలు ముదిరాయి. మోకాలు మొరాయిస్తోంది. లైబ్రరీలో నేను ఎప్పుడూ కూర్చునే కిటికీ పక్క బల్ల తీసేసి, అక్కడ పత్రికల స్టాండు పెట్టారు. ఎందుకని అడిగితే, "అక్కడ ఎవరూ కూర్చోవడం లేదండీ" అని నాతోనే అన్నాడు లైబ్రేరియన్. ఇరవై ఏళ్లు కూర్చున్నవాణ్ణి ఎవరూ కానివాణ్ణి చేశాడు.

రిజిస్టరు సంగతి. దాన్ని మరీ పెద్దది చెయ్యకు. సంతకాలు ఆఫీసుల్లో అందరూ పెట్టేవే. ప్రొబేషన్ అయ్యేదాకా పైవాడితో తగువు మంచిది కాదు. పెట్టెయ్. తర్వాత తీరిక చూసుకుని బ్యాకప్ ఎక్కించి చూసుకోవచ్చు. 22నాటి పని మాత్రం నేను చెప్పినట్టు లెక్కపెట్టి చెయ్.

ఇది మీ నాన్నతో అనకు. ఆయనకి ఇవన్నీ ఎందుకు.

మామయ్య


ఏప్రిల్ 17

మామయ్యా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇది మీరే రాశారా అని పాత ఉత్తరాలు పక్కన పెట్టి చేతిరాత పోల్చి చూశాను. పేజీన్నరలో ఒక్క తిట్టు లేదు. భయమేసింది.

మీరు చెప్పొద్దన్నారు కాబట్టి నాన్నకి చెప్పాను.

నాన్న వెంటనే లేచారు. స్టూలు వేసుకుని, పడకగదిలో బీరువా పైనుంచి ఒక పాత రెక్సిన్ సంచీ దించారు. అమ్మ చూసి, "పందొమ్మిదేళ్లుగా దాని చుట్టూ దులుపుతున్నాను, ఏముందని అడిగితే ఒక్కసారైనా చెప్పారా" అంది. లోపల మీ పరీక్షల బోర్డు రిజిస్టరు ఉంది.

నెల నెలా మొదటి శనివారం. "బ్యాకప్ తిరిగి ఎక్కించి చూశాను, సరిగ్గా ఉంది." కింద మీ సంతకం. పద్నాలుగు సార్లు. మామయ్యా, ఆ టేపుల్లో ఏమీ లేదని రాసింది మీరే. లేనిదాన్ని మీరు ఎక్కించి ఎలా చూశారు?

నాన్నని అడిగాను. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను, ఎందుకంటే మీకు కాగితం మీద ఉండాలి.

"బయట మాటిచ్చింది నిజమే. చెప్దామనే అనుకున్నాను. లోపలికి పిలిచేలోపు పావుగంట ఉంది కదా అని రిజిస్టరు తీసి తిరగేశాను. శనివారాలు నేనుండేవాణ్ణి కాదు, మీ మామయ్య ఒక్కడే వెళ్లేవాడు. అప్పుడు చూశాను ఆ సంతకాలు. నేను రెండో కుర్చీలో ఉన్నానంటే, మరుక్షణం రిజిస్టరు తెమ్మంటారు. అది మీ మామయ్య పెట్టిన రూలే. తెస్తే దొంగ సంతకాల కేసు. ఉద్యోగం పోయేది, ఇంకా ఎంతదాకా పోయేదో. గదిలో లేనన్నాను. లేనివాణ్ణి రిజిస్టరు ఎవరడుగుతారు? రిజిస్టరు దొరకలేదని రాసుకుని వదిలేశారు. సాయంత్రం దాన్ని టిఫిన్ సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను."

తగలబెట్టొచ్చు కదా నాన్నా అన్నాను. "చేతులు రాలేదమ్మా. రికార్డు కదా" అన్నారు.

ఆ రోజు అడగకపోయినా, తర్వాత రిజిస్టరు పోగొట్టాడని నాన్న ప్రమోషను ఆపేశారట. రిటైరయ్యేదాకా ఉత్తరాలకి నంబర్లు వేసే సెక్షనులోనే ఉన్నారు. నాకు ఇన్నాళ్లూ తెలీదు. మీకూ తెలీదనుకుంటాను. ఆ రోజు డైరెక్టర్ పిలిస్తే లేచేటప్పుడు, "రెండు నిమిషాలు బావా, ముట్టుకోకు" అన్నారట. అది మీ ఉత్తరంలో లేదు.

మరి మామయ్యకి ఎందుకు చెప్పలేదు అని అడిగాను. "చెప్తే నా ముందు తలెత్తుకోలేడు. నన్ను తిట్టుకుంటూ ఉంటే బాగానే ఉంటాడు కదా అనుకున్నాను" అన్నారు.

నేను సంతకం పెట్టలేదు. "ఎక్కించి చూడకుండా సంతకం పెట్టలేను" అని కాగితం మీద రాసి, తేదీ వేసి, రేపుసార్ బల్ల మీద పెట్టాను. మూడు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. నా ప్రొబేషన్ కాగితం బల్ల మీదే ఉంది, దాని మీద పేపరువెయిట్ పెట్టారు. ఈలోపు బ్యాకప్ తీసి ఖాళీ మెషీన్లో ఎక్కించాను. సగంలో ఆగింది. కుళాయిల పట్టికలో అరవై వేల ఇళ్లు లేవు. కొత్తగా బ్యాకప్ తీసి మళ్లీ ఎక్కించాను. ఇప్పుడు అన్నీ ఉన్నాయి. సంతకం ఒకటే పెట్టాను, ఈ నెలది.

22న రెండో కుర్చీలో నాన్న కూర్చుంటానన్నారు. బయటివాళ్లకి ఎలా కుదురుతుందని రేపుసార్‌తో గొడవపడి, పై ఆఫీసరు దగ్గర అనుమతి తెచ్చుకున్నాను.

మీ జవాబు కోసం చూస్తాను. తిట్టినా సరే.

మీ మేనకోడలు


ఏప్రిల్ 20

అమ్మాయీ,

పద్నాలుగు కాదు, పదిహేను. చివరిది వెనక అట్ట లోపలివైపు ఉంటుంది. పేజీలు అయిపోతే అక్కడ రాశాను. లెక్కపెట్టి చెయ్యమని మొదటి ఉత్తరంలోనే చెప్పాను.

శనివారాలు ఏం చేశానో అడగలేదు కాబట్టి చెప్తాను. చదువుకున్నాను. సర్వరు గది చల్లగా ఉండేది, ఎవరూ వచ్చేవాళ్లు కాదు. టేపు ఎక్కించి చూడాలంటే మూడు గంటలు దాని ముందే కూర్చోవాలి. స్క్రీను "విజయవంతం" అంటోంది, సంచీలో పుస్తకం ఉంది. రెండు కుర్చీల రూలు పెట్టినవాణ్ణి, శనివారానికి మాత్రం ఒక్క కుర్చీ చాలనుకున్నాను. ఆ పదిహేను శనివారాల్లో చదివినవన్నీ నాకిప్పటికీ పేజీలతో సహా గుర్తున్నాయి. వాటివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు. ఏడాది పోగొట్టుకున్న పిల్లల్లో ఒకమ్మాయి స్టోరు కిటికీ దగ్గరికి వచ్చి, "మార్కులు పోగొట్టిన ఆయన ఎక్కడుంటారండీ" అని నన్నే అడిగింది. ఆయన బదిలీ అయిపోయాడమ్మా అన్నాను.

11నాటి ఉత్తరం నేనే రాశాను. మూడుసార్లు చదవక్కర్లేదు, చించెయ్. కాదు, దాచు. అదీ రికార్డే.

"ముట్టుకోకు" అన్నాడు. అన్నాడు. నాకు చెవుడు లేదు. నూట ఎనభై ఆరు వరసలకి నాకొకడు కాపలా ఏమిటనుకున్నాను.

రిజిస్టరు విచారణ నాటికి పోయిందనే నాకు తెలుసు. ఎవడో గుమాస్తా ఎక్కడో పడేసి ఉంటాడనుకున్నాను. నాకు బతుకులో ఒక్కసారి అదృష్టం కలిసొచ్చిందనుకున్నాను. తీరా చూస్తే అదీ మీ నాన్న పుణ్యమే. ఒక్క అదృష్టం, అది కూడా నాది కాదు. టిఫిన్ సంచీలో వెళ్లిందట.

22 గురించి. నేను రాను. రమ్మని మీ అమ్మ చేత ఫోను చేయించకు. మీ నాన్నకి ఈ మధ్య చూపు ఎలా ఉందో నాకు తెలీదు. అక్షరాలు పెద్దవి చేసి పెట్టు. చివరి లైను దాకా పైకి చదవమను. ఎక్కడిదాకా గుర్తు పెట్టావో వేలితో చూపించి చదవమను. అంకె ముందే కాగితం మీద రాసి ఆయన చేతికివ్వు, నీ దగ్గర ఉంచుకోకు. ఫోను మోగుతుంది. అలాంటప్పుడే మోగుతుంది. ఆయన లేస్తే రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చో. గంట పట్టినా కూర్చో. తిరిగొచ్చి కూర్చున్నాక మొదటి అక్షరం నుంచి మళ్లీ చదివించు. కుర్చీ చక్రాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడు. ఆయనకి నడుము నొప్పి ఉండేది.

పేపరువెయిట్ కింద ఉన్న కాగితం గురించి భయపడకు. ఒకవేళ సంతకం పెట్టకపోతే, అరవై వేల ఇళ్లు లేని ఆ బ్యాకప్ సంగతి తేదీతో సహా రాసి పై ఆఫీసరుకి పంపు. రేపుసార్ ఇవాళే పెడతాడు.

ఇక మీ నాన్న. ఆయన్ని క్షమించానని రాస్తాననుకుంటున్నావేమో. కుర్చీలోంచి లేచినందుకు నాకిప్పుడు ఆయన మీద కోపం లేదు, డైరెక్టర్ పిలిస్తే ఎవడైనా లేస్తాడు. విచారణలో మాట తప్పినందుకూ లేదు. నేను చేసింది నాకు తెలుసు, దానికి నన్ను నేను ఎలా తిట్టుకుంటానో అది నా సొంత వ్యవహారం, అందులో ఎవరి సాయమూ అక్కర్లేదు. కానీ నేను పందొమ్మిదేళ్లు తిడుతూ ఉంటే, ఆ సంచీ బీరువా మీద పెట్టుకుని, తిట్టించుకుంటూ కూర్చున్నాడే, అది ఎలా మరిచిపొమ్మంటావు? ఒక్క మాట చెప్పి ఉంటే ఆ వారమే వచ్చి కాళ్ల మీద పడేవాణ్ణి. అప్పుడు నా మోకాళ్లు వంగేవి. నువ్వు ఆ కుర్చీలో తిరిగేంత చిన్నపిల్లవి. నేను తలెత్తుకోలేనని ఆయన నిర్ణయించాడట. నా తరఫున ఆయన ఎంటర్ కొట్టాడు. నన్ను అడగలేదు, పైకి చదివి వినిపించలేదు.

ఎవరి తప్పని ఎవరైనా అడిగితే చెప్పు, మా మామయ్య ఇప్పటికీ ఒక్కరి పేరే చెప్తున్నాడని. బావ. మీ నాన్న.

మామయ్య